కైలాస ప్రదక్షిణము - ప్రయాణ సన్నాహము



ప్రదక్షిణమన్న మాట మన వడమాలపేట ప్రాంతమువారికి క్రొత్తది కాదు. పౌర్ణమి వచ్చినదనిన అరుణాచలమునకు బయలుదేరువారు ప్రతి గ్రామమునను కలరు. ఆ గిరిప్రదక్షిణము 14 కిలోమీటర్లు. సాయంకాలము ఆరంభించినవాడు తెల్లవారులోగా ముగించుకొని యింటికి బస్సెక్కును. ఆకలియైన అన్నము, దప్పికయైన నీరు, కాలు బెణికిన ఆటో, అన్నియు ఆ దారిలో అడుగడుగున లభించును. కావున దానికి సన్నాహమేమియు అక్కరలేదు.

కైలాసగిరి ప్రదక్షిణము అట్టిది కాదు. అది సుమారు 52 కిలోమీటర్లు, మూడు దినముల నడక. చెట్టు లేదు, ఊరు లేదు. 1962 నాటి యుద్ధకాలమున ఆగిపోయిన యీ యాత్ర 1981లో ప్రభుత్వముల యొడంబడికతో తిరిగి మొదలైనది. 2020లో మరల నిలిచి, 2025లో మరల తెరవబడినది. నాటినుండి మన ప్రాంతపు పెద్దలు పలువురు నన్ను ఈ దారిని గూర్చి అడుగుచున్నారు. కొందరు తాము పోదలచి అడుగుదురు. కొందరు తమ కుమారుని పంపవచ్చునా యని అడుగుదురు. నేను 2018లో సిక్కిము మార్గమున పోయి ఆ చుట్టు నడచి వచ్చినవాడను. క్షేత్రమహిమను చెప్పుటకు నాకంటె అర్హులు పలువురు కలరు. నేను దారిని గూర్చి, దానికి ముందు ఇంటివద్ద చేసికొనవలసిన యోచనను గూర్చి మాత్రమే మనవి చేసెదను.

మొదట ఒక లెక్క. పోయిన దారినే తిరిగివచ్చు ప్రయాణములో ఎచ్చట అలసితిమో అచ్చటనుండి వెనుదిరిగిన చాలును. దారి తెలిసినదే, దూరము తెలిసినదే. చుట్టుదారి అట్లు కాదు. సగము నడచిన పిదప ముందుకు పోయినను అంతే దూరము, వెనుకకు వచ్చినను అంతే దూరము. కైలాసము చుట్టు దారిలో అన్నింటికంటె ఎత్తైన చోటు దోల్మా కనుమ. అది సుమారు 18,400 అడుగుల ఎత్తున, ఇంచుమించు చుట్టుకు నట్టనడుమ ఉన్నది. గాలి మిక్కిలి పలుచనైన చోటును, సాయము మిక్కిలి దూరమైన చోటును ఒక్కటే యైనవి. ఈ ప్రదక్షిణమునకు చేయు యోచన యంతయు ఈ ఒక్క సంగతిని బట్టి యుండవలెను.

దినములవారీగా దారి యిట్లుండును. బయలుదేరు ఊరు దార్చెన్; అది 15,000 అడుగులకు పైబడిన ఎత్తున నున్నది. మొదటి దినము యమద్వారము దాటి, నదిలోయవెంట నడచి, సుమారు 20 కిలోమీటర్లకు దిరాపుకు చేరుదురు. చాలదూరము మెల్లని ఎగువ, కష్టము తక్కువ. ఆ సాయంకాలము గిరియొక్క ఉత్తరముఖము ఎదుటనే నిలిచి కనబడును. రెండవ దినము సుమారు 22 కిలోమీటర్లు. ఉదయమున రెండువేల అడుగులకు మించి ఎక్కి దోల్మా కనుమ దాటవలెను. కనుమకు ఆవల క్రింద గౌరీకుండము కనబడును. పిదప రాళ్లమీదుగా నిట్టదిగువ. ఇచ్చట గుఱ్ఱముపై వచ్చినవారును దిగి నడవవలసినదే. సాయంకాలమునకు జుతుల్‌పుకు చేరుదురు. మూడవ దినము మిగిలిన 10 కిలోమీటర్లు దిగువదారి. మధ్యాహ్నమునకు ముందే దార్చెన్ చేరవచ్చును. హిందువులు, బౌద్ధులు కుడిచేతివైపు కొండ నుంచుకొని తిరుగుదురు. బోన్ మతస్థులు ఎడమవైపునుంచి తిరుగుదురు.

రెండవ దినమును గూర్చి ఒక నియమము మరువరాదు. ఆ కనుమపై మధ్యాహ్నము దాటిన పిదప గాలి విజృంభించును. మంచు కురియుటయు కద్దు. అందుచేత చీకటితోనే లేచి, ఎండ ముదురకముందే కనుమ దాటవలెను. మన రైతు వేసవిలో తెల్లవారుజామున మడక కట్టి పొద్దెక్కునప్పటికి విడిచిపెట్టుట యెట్టిదో ఇదియు అట్టిదే.

ఇక గాలి సంగతి. తిరుమల సుమారు 2,800 అడుగుల ఎత్తున నున్నది. దోల్మా కనుమ ఆరు తిరుమలలను ఒకదానిపై నొకటి పేర్చిన ఎత్తును మించినది. అచ్చట ఒక్కొక్క ఊపిరితో మనకు దొరకు ప్రాణవాయువు ఇచ్చట దొరకుదానిలో సుమారు సగము. కండబలము కలవానికిని, వయసువానికిని ఈ లోటు ఒక్కటే. ఇరువదియైదేండ్ల వస్తాదు పడిపోవుటయు, అరువదేండ్ల బక్కపలుచని ముసలమ్మ మెల్లగా దాటిపోవుటయు నేను కన్నులార చూచితిని. వస్తాదు పరుగెత్తెను, ముసలమ్మ పదియడుగులకొకసారి నిలిచెను.

దేహము పలుచని గాలికి అలవాటు పడగలదు గాని దానికి కొన్ని దినములు కావలెను. వైద్యులు చెప్పు లెక్క యిది: 10,000 అడుగులు దాటిన పిదప నేటిరాత్రి పండుకొను చోటు నిన్నటి చోటుకంటె 1,600 అడుగులకు మించి ఎత్తున ఉండరాదు. మూడు నాలుగు దినములకొకసారి ఒక దినము కదలక విశ్రమించవలెను. పగలు ఎక్కువ ఎత్తునకు పోయి, రాత్రికి దిగివచ్చి పండుకొనుట మేలు. శీఘ్రముగా ముగించుకొని రావలెనని ఈ విశ్రాంతి దినములను కోసివేయువారు తమ ఆయుష్షునందే కోత పెట్టుకొనుచున్నారు. సెలవు దొరకలేదనియో, ఖర్చు తగ్గుననియో మీ ఇంటివారు ఎవరైన చెప్పిన, మరియొక యేడు పొమ్మనుడు.

ఎత్తు పడకున్నచో మొదట తలనొప్పి వచ్చును. దానివెంట వికారము, అన్నద్వేషము, నిద్రలేమి. ఇంతవరకు భయములేదు, ఉన్నచోటనే ఉండవలెను, తగ్గువరకు ఒక్క అడుగైనను పైకి పోరాదు. కూర్చుండియున్నను ఆయాసము తగ్గకున్న, దగ్గుతో నురుగు పడిన, ఊపిరితిత్తులలో నీరు చేరినదని ఎరుగవలెను. మాట తడబడిన, త్రాగినవానివలె అడుగులు తూలిన, మెదడు వాచినదని ఎరుగవలెను. ఈ రెంటికిని మొదటి మందు దిగిపోవుటయే. అర్ధరాత్రియైనను తోడిచ్చి దింపవలెను. తెల్లవారనిండని కూర్చున్న తెల్లవారకపోవచ్చును. పరీక్ష సులభము: నేలపై గీత గీచి, మడమకు వ్రేలు తాకునట్లు దానివెంట నడవుమనుడు. నడవలేనివాడు కనుమ ఎక్కదగినవాడు కాడు. ఎత్తు పడుటకు వైద్యులు ఇచ్చు మాత్రలు కలవు. అవి మీ మూత్రపిండములను, రక్తపుపోటును ఎరిగిన వైద్యుడు వ్రాసియిచ్చిననే తీసికొనవలెను. మాత్ర మ్రింగితినని దినములు తగ్గించుకొనరాదు.

గిరివద్దకు చేరుటకు ప్రభుత్వము నడుపు మార్గములు రెండు. ఒకటి ఉత్తరాఖండమునందలి లిపులేఖ్ కనుమ. రెండవది సిక్కిమునందలి నాథులా. 2025లో మొదటి దారిన 5 జట్లు, రెండవ దారిన 10 జట్లు, జట్టుకు 50 మంది చొప్పున ఏర్పాటు చేసిరి. దరఖాస్తులు విదేశాంగ శాఖకు పంపవలెను; చీట్లు తీసి ఎన్నుకొందురు. వయసు 18 కి తక్కువగాని 70 కి ఎక్కువగాని యుండరాదు. ఎత్తుకు తగిన బరువును మించియుండరాదు. వైద్యపరీక్ష ఢిల్లీలో ఒకసారి, కొండ ఎక్కిన పిదప ఇంకొకసారి జరుగును. రెండవ పరీక్షలో నిలువనివారిని వెనుకకు పంపుదురు. ఇది అవమానమని కోపించువారిని చూచితిని. ఆ పరీక్ష లేకున్న ఆ మనుష్యుని మోసికొనివచ్చు భారము తోడివారిపై పడును. గుండెజబ్బు, ఉబ్బసము, అదుపులేని రక్తపుపోటు కలవారు దరఖాస్తుకు పూర్వమే తమ వైద్యునితో మాటలాడవలెను. మధుమేహమునకు సూదిమందు వాడువారు ఆ మందు చలికి గడ్డకట్టిన పనికిరాదని తెలిసికొని, దానిని పొట్టకు ఆనించి దాచుకొనవలెను.

దినముల లెక్కలో ఇంకొక మాట. యాత్ర జరుగునది వానకాలము. 1998 ఆగస్టులో లిపులేఖ్ దారియందలి మాల్పా అనుచోట కొండ విరిగిపడి 200 మందికి పైగా మరణించిరి. అందులో సుమారు 60 మంది కైలాస యాత్రికులు. ఆ దినము వారు చేసిన తప్పిదము లేదు. కొండదారి వానలో ఎప్పుడు మూసికొనిపోవునో ఎవ్వరును చెప్పలేరు. కాబట్టి తిరుగు రైలును, పెండ్లి ముహూర్తమును, కోర్టు వాయిదాను యాత్ర ముగియు దినమునకు ఆనించి పెట్టుకొనరాదు. వారము దినములైనను చేతిలో నుంచుకొన్నవాడు తొందరపడి చెడ్డ దారిన అడుగుపెట్టడు.

ఇక మూట. మనిషి వీపున మోయునది 5 కిలోలకు మించకుండుట మేలు. మిగిలినది గుఱ్ఱమునకో జడలబర్రెకో కూలివానికో అప్పగింపవచ్చును. అయితే ఆ మూట సాయంకాలము వరకు మన చేతికి రాదు. అందుచేత వానకోటు, చలికోటు, నీరు, తినుబండారము, మందులు, దీపము, గుర్తింపు కాగితములు ఎల్లప్పుడు తన వీపుననే యుండవలెను. జూన్, జూలై మాసములలోను అచ్చట రాత్రులు నీరు గడ్డకట్టు చలి. మన నూలుబట్ట చెమటకు తడిసిన ఆరదు. తడిబట్ట చలిగాలిలో ప్రాణాంతకము. ఒంటికి తగులునది ఉన్ని గాని త్వరగా ఆరు నేతబట్ట గాని, దానిపైన దళసరి ఉన్ని, అన్నింటికి పైన గాలియు వానయు చొరనిది, ఇట్లు పొరలు పొరలుగా ధరింపవలెను. వేడియైన ఒకటి విప్పుట, చలియైన ఒకటి తొడుగుట. మంచుమీది ఎండ కన్నులను కాల్చును, నల్లద్దములు విడువరాదు. బూట్లు క్రొత్తవి తొడిగి పోయినవాడు మొదటి దినముననే పొక్కులతో కుంటును. రెండు మాసములు ముందుగా కొని మన పొలములగట్లమీద తొడిగి తిరుగవలెను.

భోజనమును గూర్చి మన స్త్రీలకు తెలిసిన సంగతి ఒకటి, తెలియనిది ఒకటి కలదు. తెలియనిది ఏమనగా, ఆ ఎత్తున నీరు సుమారు 85 డిగ్రీలకే మరగును. ఎంత మంట పెట్టినను అంతకు మించి వేడెక్కదు. పప్పు ఉడుకదు, బియ్యము పలుకుగా నిలుచును. తెలిసినది ఏమనగా, వేయించి పొడి చేసినదానికి ఉడుకుతో పనిలేదు. దోరగా వేయించిన రాగిపిండి, వేయించిన శనగపప్పు, వేరుశనగ ఉండలు, బెల్లము, అటుకులు, మామిడితాండ్ర, ఇవి మన చిత్తూరు సీమలో ప్రతి యింట దొరకును. రాగిపిండిని వేడినీట కలిపి ఉప్పువేసి త్రాగినవాడు ఆ చలిలో నిలువగలడు. ఆకలి లేకున్నను గంటకొకసారి కొంచెము తినవలెను. దినమునకు మూడు లీటర్ల నీరు త్రాగవలెను. సారాయి, నిద్రమాత్ర రెండును ఆ ఎత్తున ఊపిరిని అణచును, వానిని తాకరాదు.

అభ్యాసమునకు మనవారు దూరము పోనక్కరలేదు. అలిపిరి దారి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు 2,388 మెట్లు. నెలకు రెండుసార్లు వీపున మూటతో అలిపిరి మెట్లెక్కి, మాట తడబడకుండ తోడివానితో మాటలాడగలిగిన, గుండె నిలుచునని నమ్మవచ్చును. ఎక్కుటకంటె దిగుట మోకాలికి కష్టము. కావున దిగునప్పుడును నడచియే దిగి చూడవలెను. నారాయణవనము దాపునగల మన కైలాసకోన, మన ఊరికి సమీపముననున్న సదాశివకోన రాళ్లదారికి అలవాటు చేయును. ఫాల్గుణ పౌర్ణమినాటి తుంబురు తీర్థ ముక్కోటికి పోయివచ్చువారికి ఒక దినమంతయు రాళ్లమీద, నీటిలో నడచు పాఠము దొరకును. శేషాచలము అడవి నేడు అభయారణ్యము. అనుమతి లేక చొచ్చిన నేరము. 2023లో అలిపిరి దారిలో చిరుత పసిపాపను పొట్టన పెట్టుకొన్న సంగతి మీరెరిగినదే. అటవీశాఖవారు, దేవస్థానమువారు పెట్టిన వేళలను అడిగి తెలిసికొని, గుంపుగా, పగటివేళ నడవవలెను. కాలు విరిగిన పుత్తూరు కట్టు చేరువలో నున్నదన్న ధైర్యము మనకు ఇచ్చట కలదు. ఆ ధైర్యము దిరాపుకులో ఉండదు కనుక ఇచ్చటినుండియే జాగ్రత్తగా అడుగువేయుట నేర్వవలెను.

ఇన్ని సంగతులు మనస్సులో నిలువవు, కాగితముపై నుంచవలెను. ఈ పద్ధతి మనకు పూర్వులు చూపినదే. చెన్నపట్టణపు న్యాయస్థానమున దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న బయలుదేరి, తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయి, కలకత్తా దారిన సముద్రతీరమువెంట మరలి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. పోయినదొక దారి, వచ్చినదొక దారి. అదియు ఒక మహాప్రదక్షిణమే. ఏ మజిలీలో నీరు మంచిది, ఏ మజిలీలో సామానులు దొరకును, ఏ వాగు దాటుట కష్టము అని నాటికి నాడు వ్రాసి యుంచిరి. పిదప 1838లో అచ్చైన ఆ గ్రంథము వెనుకవచ్చు యాత్రికులకు దారి చూపినది. ఆయనకు పల్లకియు పరివారమును కలవు. అయినను రేపటి మజిలీని నేడే విచారించుట మానలేదు.

మనము వ్రాయవలసినది ఒక్క పుట. దినము, చోటు, దూరము, ఎత్తు, నీరు దొరకు తావు వరుసగా వ్రాయుడు. చివర ఇంకొక వరుస కలదు, అదియే ముఖ్యము. ఏ గుర్తు కనబడిన వెనుదిరుగవలెనో ఆ వరుసలో వ్రాయవలెను. తలనొప్పి రాత్రి గడచినను తగ్గకున్న, గీతపై నడవలేకున్న, ఉదయము ఇన్ని గంటలకు కనుమ అడుగునకు చేరకున్న, ఆకాశము మూసికొన్న, వెనుకకే. దీనిని ఇంటివద్ద, చల్లని నీడలో, కడుపునిండ తిని కూర్చున్నప్పుడే వ్రాయవలెను. అచ్చట పలుచని గాలిలో మొదట మందగించునది బుద్ధియే. తనకు బాగుగనే యున్నదని రోగియే అందరికంటె గట్టిగా చెప్పును. ఒక ప్రతి తోడివాని చేత, ఒక ప్రతి ఇంటి పెద్దచేత నుండవలెను.

మా జట్టులో మన తాలూకావారే ఒక పెద్దాయన యుండిరి. వయసు 66. తోటపని చేసిన దేహము. దార్చెన్ వరకు మాకందరికి ముందు నడచిరి. దిరాపుకులో రాత్రి తలనొప్పియు వాంతులును పట్టుకొన్నవి. తెల్లవారుజామున గీతపై నడవుమంటిని. మూడవ అడుగుకే తూలిరి. ఆయన నా చేయి పట్టుకొని, "నాయనా, ఇంతదూరము వచ్చి కొండ ముందర నిలబడి వెనక్కి పొమ్మంటావా? ఇంటికాడ ఏమని చెప్పేది?" అనిరి. నేను ఆయన జేబులోని కాగితము తీసి, "పెదనాయనా, ఇది మీ చేవ్రాలే. తలనొప్పి తగ్గకపోతే కనమ ఎక్కేది లేదని రేణిగుంటలో రైలెక్కకముందే మీరు రాసినారు" అంటిని. ఆయన చాలసేపు ఆ కాగితమునే చూచిరి. పిదప ఉత్తరముఖమునకు సాష్టాంగపడి, తోడుమనిషితో దిగువకు మరలిరి. మేము మూడవ దినము దార్చెన్ చేరునప్పటికి ఆయన గోడనానుకొని కూర్చుండి రాగిజావ త్రాగుచుండిరి. దిగిన మధ్యాహ్నమే తలనొప్పి తగ్గినదట. నేటికిని తమ మామిడితోటకు తామే నీరు కట్టుకొనుచున్నారు. చుట్టు పూర్తికాలేదన్న కొరత ఆయనకు కలదు, దానిని దాచరు. ఆ కొరతను చెప్పుకొనుటకు మనిషి మిగిలియున్నాడని ఆయన ఇల్లాలు అనును.

వెనుదిరిగినవాని పుణ్యము ఎంతయని నన్ను కొందరు అడిగిరి. అది నేను తీర్చు లెక్క కాదు. వెనుదిరిగి వచ్చినవానిని ఎగతాళి చేయు ఊరు మాత్రము రాబోవు యాత్రికుని కనుమపైకి త్రోయుచున్నదని చెప్పగలను. ఇచ్చట పెద్దల బాధ్యత కలదు. మీ ఇంటినుండి ఎవరైన బయలుదేరునప్పుడు అక్షతలు వేయుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగుడు: విశ్రాంతి దినములు ఎన్ని పెట్టుకొంటివి? వీపుమూట ఎంత బరువు? ఎచ్చటనుండి వెనుదిరుగుదువు? మూడవదానికి ఉత్తరము లేనివానికి సెలవీయకుడు. ఉత్తరము చెప్పినవానితో, నీవు కనుమ దాటి వచ్చినను, దాటక వచ్చినను ఈ గుమ్మమున ఒకే విధముగా ఎదురువత్తుమని చెప్పి పంపుడు. కనుమ దగ్గర వానికి ఆ మాట ఉన్నికోటుకంటె ఎక్కువగా ఉపయోగపడును.

పోదలచినవారు ఈ కార్తికముననే నడక ఆరంభింపవచ్చును. జ్యేష్ఠము నాటికి ఏడు మాసముల అభ్యాసమగును. చీటీలో పేరు రాకున్నను ఆ నడక వృథా కాదు. దేహమునకు మేలే చేయును.